మంగళవారం పదకొండు గంటల మనిషి

చెరువు గట్టున దొరికిన చెప్పు ఆమెది కాదని తేలేసరికి గురువారం పగలు పదకొండూ పది అయింది. ఫోన్లో ఆ మాట చెప్పింది ఆమె అక్క, నన్ను ఈ పనికి పెట్టిన మనిషి. "ఇది ఏడో నంబరండీ. మా చెల్లిది చిన్న పాదం, ఐదు దాటదు" అంది, వెంటనే ఏడ్చేసింది. ఏడవనిచ్చాను. రెండు రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు అది, చెప్పు పుణ్యమా అని బయటికొచ్చింది. నాకూ కాస్త ఊపిరాడింది. యాభై మూడేళ్ళ ఆడదాన్ని, మోకాళ్ళు అరిగాయి, తప్పిపోయినవాళ్ళని వెతికిపెట్టడమే నా బతుకుతెరువు. మంచి కబురు ఎంత చిన్నదైనా నేను కళ్ళకద్దుకుంటాను.

ఆ చెల్లెలు ఫైర్ స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటరు. ఊళ్ళో ఎక్కడ మంట లేచినా మొదటి ఫోను ఆమె చెవికే వస్తుంది. మంగళవారం పొద్దున ఆరింటికి నైట్ డ్యూటీలు ముగించుకుని దిగింది, ఆపైన మూడు రోజులు సెలవు. ఆరూ నలభైకి ఇల్లు చేరింది. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే ఆమె భర్త ఆరూ యాభైకి పనికి బయల్దేరాడు. ఏడూ ఇరవై అయిదుకి కింది వాటా పెద్దాయన ఆమె భుజాన సంచీతో మెట్లు దిగడం చూశాడు. ఆ తర్వాత ఆమెని చూసినవాళ్ళు లేరు. ఫోను మాత్రం ఇంట్లోనే ఉంది, ఆఫ్ చేసి, బీరువా అడుగున ఒక అట్టపెట్టెలో, తెరిచే నంబరు ఎవరికీ తెలీదు. మంచం పక్క సొరుగులో ఒక కాగితం.

"ఇక నీతో నా వల్ల కాదు. ప్రతి రాత్రీ నువ్వే. ఈ రోజుతో నిన్ను వదిలేస్తున్నాను. నన్ను క్షమించు."

ఈ నాలుగు ముక్కలు చదివి ఇన్‌స్పెక్టరు కేసు తేల్చి పారేశాడు. ఈయన్ని స్టేషన్లో వాళ్ళే చాటుగా తొందర సారు అంటారు. భోజనానికి ముందు ఒక ఫైలు మూస్తే గానీ ఆయనకి ముద్ద దిగదు. మొగుడితో గొడవ, ఉత్తరం, చెరువు, అంతే లెక్క. బుధవారం సాయంత్రమే గజ ఈతగాళ్ళని నీళ్ళలోకి దింపాడు. అప్పట్నుంచీ ఆ భర్త గట్టు మీదే కూర్చుని ఉన్నాడు, మంచినీళ్ళు కూడా ముట్టడం లేదట. చెప్పు దొరికిందని పొద్దున్నే ఇన్‌స్పెక్టరు నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, గొంతులో ఆ సంబరం చూడాలి. ఇప్పుడు చెప్పు కాస్తా పోయింది గనక తప్పు మోపడానికి ఆయనకి ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు ఎవరో కూడా నాకు తెలుసు. అయిదు నెలలుగా ఆపరేటరుకి ఆన్‌లైన్లో కౌన్సెలింగ్ ఇస్తున్న ఆవిడ. రెండింటికి కాగితాలు పట్టుకెళ్ళి ఆవిడ కంప్యూటరు స్వాధీనం చేసుకుంటానని ముందే ప్రకటించాడు. అదే జరిగితే పాతికమంది మనుషుల గుట్టు స్టేషన్ బల్ల మీద పడుతుంది. నేను పదకొండూ నలభైకే ఆవిడ గుమ్మంలో నిలబడ్డాను.

నలభై దాటిన మనిషి. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుకుతోంది. రాత్రి రెప్ప వాల్చిన దాఖలా లేదు. ఆపరేటరు ఏం చెప్పుకుందో నాకు చెప్పాలని అడిగాను. చెప్పనంది. బతిమాలాను, చెప్పనంది. గొంతు పెంచాను, ఈసారి మరీ నెమ్మదిగా చెప్పనంది. నాకు ఒళ్ళు మండింది. అవతల ఒకామె బతికుందో లేదో తెలీదు, ఇవతల ఈవిడకి నియమాలు. ఆ మాటే ముఖాన అనేశాను.

"ఆమె ఏం చెప్పిందో అడక్కండి. నేనెలా పనిచేస్తానో అడగండి, అందులో దాపరికం లేదు" అంది.

సరే, గది చూస్తానన్నాను. చూడమంది.

ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కెమెరా ఉంటాయనుకున్నాను. కూర్చునే చోట్లే నాలుగున్నాయి. ఒకటి తెల్లగోడకి ఆనించి ఉంది, వెనక ఒక మేకు కూడా లేదు. ఒకటి కిటికీ పక్కన. ఇంకొకటి నేలమీద చాప, రంగు పెన్సిళ్ళు, కెమెరా పైనుంచి చాప మీదకే వంచి ఉంది. నాలుగోది తలుపు పక్కన స్టూలు, దాని మీద నడిచేవాళ్ళ బూట్లు, ఫోను మెడకి తగిలించుకునే తాడు. కంప్యూటరు ఒక్కటే కదా, ఈ సంత అంతా ఎందుకని అడిగాను.

ఆవిడ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఒకాయన ఉన్నాడు, ఎదుటివాళ్ళ వెనకాల ఏది కనపడినా లెక్కపెడుతూ కూర్చుంటాడు, పుస్తకాలైతే పుస్తకాలు, పువ్వులైతే పువ్వులు. ఆయనకి తెల్లగోడ. ఒక బాలింత ఉంది, బిడ్డ నిద్రపోయినప్పుడే ఆమెకి తీరిక, అందుకని గంటని నాలుగు ముక్కలు చేసి, ఆమె ఎప్పుడు మెసేజీ పెడితే అప్పుడు పావుగంట. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె ముఖం చూస్తే మాట్లాడదు, చేతులు చూస్తే మాట్లాడుతుంది, కాబట్టి ఇద్దరూ ఎవరి నేల మీద వాళ్ళు కూర్చుని బొమ్మలేస్తారు, కెమెరాలో చేతులే కనిపిస్తాయి. కూర్చోబెడితే నోరు పెగలని ఒకాయనతో ఈవిడ డాబా మీద నడుస్తుంది, ఆయన తన ఇంటి చుట్టూ నడుస్తాడు. ఇంకో పెద్దాయనకి చెప్పింది మర్నాటికి గుర్తుండదు, ఆయన కోసం చివర్లో నాలుగు మాటలు గొంతు రికార్డు చేసి పంపుతుంది.

"దర్జీ దగ్గర కొలతలిచ్చినట్టుంది" అన్నాను. వెక్కిరింపుగా మొదలుపెట్టాను గానీ చివరికొచ్చేసరికి అది మెప్పులాగే వినిపించింది. నాకే చిరాకేసింది.

"మరి మా అమ్మాయికో?"

"టైపింగే. కెమెరా లేదు, గొంతు లేదు. రోజుకి ఎనిమిది గంటలు చెవిలో జనం అరుపులు వినే మనిషికి మళ్ళీ నా గొంతు కూడా దేనికి?"

ఆ గొంతు లేకపోవడం దగ్గర నా ఆలోచన ఆగింది. మంగళవారం సంగతి అడిగాను. పదకొండింటికి ఆమె రావాల్సింది, రాలేదు. పదకొండూ యాభై దాకా ఈవిడ తెర ముందు కూర్చుంది. ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోవడానికి కారణం, ఫోను మోగితే ఆమెకి ఒళ్ళంతా చెమటలు పడతాయి, ఏం జరిగినా మోగించనని ఈవిడ మొదటి రోజే మాటిచ్చింది. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోయి ఉంటుందనుకుని ఒక మెసేజీ పెట్టి ఊరుకుంది. ఈ జవాబు ఇన్‌స్పెక్టరు చెవిన పడితే ఇంకేమన్నా ఉందా? క్లయింటు మాయమైతే ఫోనైనా చెయ్యలేదని కేసులో మొదటి వాక్యం అదే రాస్తాడు.

నా ఫోన్లో ఉత్తరం ఫొటో తీసి చూపించాను. ఇది మాత్రం చూసి చెప్పమన్నాను, ప్రాణం మీదకొచ్చిన చోట నియమం పక్కన పెట్టొచ్చని మీ పుస్తకాల్లోనే రాసి ఉంటుంది కదా అన్నాను. ఆవిడ నెత్తి మీది కళ్ళజోడు కిందకి లాక్కుని చూసింది. చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"ఇది పాతదండీ. మూలన తేదీ చూడండి, పదకొండు రోజుల కిందటిది. నేనే రాయమన్నాను. ఇది వాళ్ళాయనకి కాదు, ఒక గొంతుకి."

ఎనిమిది నెలల కిందట ఒక మంటలో చిక్కుకున్న మనిషి ఫోన్ చేశాడట. ఇంజను దారిలో ఉంది, ఆమె మాట్లాడిస్తూనే ఉంది, మధ్యలో లైను తెగింది. ఆ గొంతు అప్పట్నుంచీ ఆమెని పడుకోనివ్వడం లేదు. దానికి వీడ్కోలు చెబుతూ కాగితం రాసి, ఎవరికీ పంపకుండా దాచుకోవడం ఆమెకిచ్చిన అభ్యాసం. ఇన్‌స్పెక్టరు నిక్షేపంగా పప్పులో కాలేశాడు. నా గుండె మీద నుంచి సగం బరువు దిగింది, మొహమాటం లేకుండా నిట్టూర్చాను. కానీ మిగతా సగం అక్కడే ఉంది. చావు ఉత్తరం కాకపోతే మనిషేది?

గోడకి ఒక చెక్క అర ఉంది, పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దే గళ్ళలాంటిది. ప్రతి గడి కిందా రాత ఉంది. సోమవారం తొమ్మిది. మంగళవారం పదకొండు. గురువారం నాలుగు. పేర్లు ఒక్కటీ లేవు. ఇంటికి చుట్టాలొస్తారు, పనిమనిషి వస్తుంది, రేపు మీలాంటివాళ్ళూ వస్తారు, ఎవరి కంటా ఏ పేరూ పడకూడదని ఈ ఏర్పాటు అంది. కంప్యూటర్లో కూడా అంతే, రోజూ గంటా తప్ప పేరు రాయదు. అలవాటు ఎంతగా ముదిరిందంటే మాటల్లో కూడా ఆవిడ వాళ్ళని గంటలతోనే తలుచుకుంటుంది. మంగళవారం పదకొండుకి కూతురంటే ప్రాణం, శుక్రవారం అయిదుకి కాస్త కోపం, ఇలా.

అప్పుడే, సరిగ్గా పన్నెండూ నలభైకి, కంప్యూటరు చిన్నగా టింగుమంది. ఆవిడ చూసింది. అంత దిగుల్లోనూ పెదవి విచ్చుకుంది. ఆ తర్వాత ఆ నవ్వు అలాగే గడ్డకట్టింది.

నేను లేచాను. ఏముందో చదవమన్నాను. పేరు లేకుండా చదువుతానంది. పేరు నాకెందుకన్నాను.

"మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను. నాకు హెడ్‌ఫోన్ లేదు కాబట్టి షాపు తెరిచాక కొనుక్కున్నాను. తలకి పెట్టుకుని, తీసేసి, కిటికీ దగ్గర అయిదు నిమిషాలు నిలబడ్డాను. లిఫ్టు దగ్గర మావాళ్ళంతా నవ్వారు. దీని గుణం ఎప్పటికి కనిపిస్తుంది?"

పంపినాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. భార్య పోయింది, పెళ్ళయిన కూతురికి రోజుకి పదిహేను సార్లు ఫోన్ చేస్తాడు, అదీ ఆయన జబ్బు. ఆయనకీ హెడ్‌ఫోన్లకీ సంబంధమే లేదు. పని మధ్యలో హెడ్‌ఫోన్ తీసి కిటికీ దగ్గర నిలబడమన్నది ఎవరికి రాశారని అడిగాను. అడుగుతూనే నాకు అర్థమవుతోంది.

"ఆపరేటరుకి" అంది ఆవిడ.

తర్వాతది నిమిషంలో బయటపడింది. ఆదివారం కూర్చుని ఆవిడ అందరికీ వారం అభ్యాసాలు రాసి కంప్యూటర్లో పెడుతుంది. ఎవరి రోజున వాళ్ళకి పొద్దున ఏడింటికి వాటంతటవే వెళ్ళిపోతాయి. మామూలుగా మెకానిక్కుది మంగళవారం పదకొండు, ఆపరేటరుది గురువారం నాలుగు. ఆపరేటరుకి డ్యూటీ మారింది, గంట మార్చమంది, మెకానిక్కు సరేనన్నాడు. సోమవారం సాయంత్రం ఆవిడ ఇద్దర్నీ అటుదిటు మార్చింది. మనుషులు మారారు గానీ, అప్పటికే రాసిపెట్టిన అభ్యాసాలు ఆ గంటలకే అంటిపెట్టుకుని ఉండిపోయాయి. ఆపరేటరుకి మెసేజీ గురువారం వెళ్తుందన్నది ఆవిడ బుర్రలో పాతుకుపోయి ఉంది, మంగళవారం ఆమెకి ఏదైనా వెళ్ళిందేమో చూడాలన్న ఆలోచనే రాలేదు. పేర్లు రాసుకునే మనిషైతే ఈ తప్పు జరిగేదే కాదు.

"అయితే మంగళవారం ఏడింటికి మెకానిక్కుకి వెళ్ళాల్సింది ఆమెకి వెళ్ళింది. ఏం రాశారు అందులో?"

ఆవిడ తెర నా వైపు తిప్పింది. చదివే ఓపిక ఆవిడకి లేదు.

"ఈ వారం మనం కలవం. ఫోను ఆఫ్ చేసి ఒక పెట్టెలో పెట్టెయ్యండి. మనం అనుకున్న చోటికి వెళ్ళి మూడు రోజులు ఉండి రండి. ఎక్కడికని ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఇంట్లో నేను మాట్లాడాను, వాళ్ళకి తెలుసు. శుక్రవారం వివరంగా చెప్పండి."

నాకు నవ్వొచ్చింది. సిగ్గు లేకుండా పైకే నవ్వాను. ఫోను అట్టపెట్టెలో ఎందుకుందీ, సంచీ ఎందుకు సర్దుకుందీ, మొగుడికి ఒక్క ముక్కైనా ఎందుకు చెప్పలేదూ, అన్నీ ఆ ఆరు వాక్యాల్లో ఉన్నాయి. ఆమె పారిపోలేదు, చావబోలేదు. డాక్టరు చీటీ చూసి మందు వేసుకున్నంత బుద్ధిగా చెప్పినట్టు చేసింది.

కౌన్సెలరు మాత్రం నవ్వలేదు. మెకానిక్కుకి అది మందు, కూతురు కూడా కూర్చుని ఒప్పుకున్నాకే రాసింది. ఆపరేటరు విషయంలో తను మొదట్నుంచీ చూసుకుంటున్నది ఒక్కటే, ఆమె ఒంటరిగా ఉండకూడదని. ఒంటరిగా ఉంటే ఆ గొంతు తప్ప ఆమెకి ఇంకేమీ వినపడదు. అలాంటి మనిషిని మూడు రోజులు ఎవరికీ తెలీని చోటికి పంపింది. "నా చేత్తో నేనే పంపానండీ" అంటూ అరచేతుల్లో ముఖం దాచుకుంది. ఇప్పుడు నా నవ్వూ ఆగింది.

మీరు అనుకున్న చోటు ఏదని అడిగాను. ఆపరేటరు గడిలోంచి ఒక చిన్న కార్డు తీసింది. ప్రశాంతంగా ఉన్న చోటు ఒకటి గుర్తు తెచ్చుకొమ్మన్నప్పుడు ఆమె టైపు చేసిన మాట అందులో ఉంది. "ఎవరూ నన్ను నోటితో పిలవని చోటు." అంతే. ఊరు లేదు, పేరు లేదు. ఎక్కడని అడగలేదా అని గయ్యిమన్నాను.

"అడగను. ఎక్కడ, ఏ అంతస్తు, ఎంతమంది అని రోజంతా అడగడమే ఆమె ఉద్యోగం. నేను ఆమెని ప్రశ్నలు అడగకూడదని పెట్టుకున్నాను."

ఎవరికి తగ్గట్టు వాళ్ళకి కుట్టడం బాగానే ఉంది గానీ ఈ చొక్కాకి జేబు పెట్టడం మర్చిపోయిందని మనసులో విసుక్కున్నాను.

ఒకటిన్నరకి జీపు ఆగిన చప్పుడు. రెండింటికని చెప్పి ఒకటిన్నరకే రావడం ఆయన పద్ధతి. తొందర సారు గుమ్మంలోంచే కాగితాలు ఆడించాడు. నన్ను చూసి మొహం మాడ్చుకున్నాడు.

"అక్కగారూ, మీరిక్కడ కూడా తయారా?"

చెప్పు నంబరు గురించి పలకరించాను. ఆయన వినబడనట్టు కంప్యూటరు దగ్గరికి నడిచాడు. నేను అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులున్న ముసలిదాన్ని లేపడానికి ఆయనకి మొహమాటం అడ్డొచ్చింది. కూర్చునే అంతా చెప్పాను. ఉత్తరం తేదీ, హెడ్‌ఫోను, మంగళవారం ఏడు గంటల మెసేజీ, అన్నీ. తేదీ ఆయన చూడనే లేదు. అంతలోనే బల్ల మీద కార్డు ఆయన కంటబడింది. అది చదివి మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"నోటితో పిలవని చోటు. ఇది ఏ చోటో నేను విడమరిచి చెప్పాలా? మెసేజీ ఎవరికి వెళ్ళాల్సింది ఎవరికి వెళ్ళినా, వెళ్ళినామె మాత్రం అక్కడికే వెళ్ళింది. చెరువులో ఇంకా ఉత్తరం వైపు వెతకలేదు."

అదే భయం కౌన్సెలరుకీ ఉంది, పైకి అన్నది ఆయన, అంతే తేడా. నిజం చెప్పాలంటే నాకూ ఉంది. ఆ మాటని అలాగే వదిలెయ్యడానికి వీల్లేదు.

"మీరు అర్థాలు చెప్పకండి ఇన్‌స్పెక్టర్ గారూ, ఆమెతో పెరిగినవాళ్ళని అడుగుదాం" అని ఆపరేటరు అక్కకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. కార్డులో మాట ఉన్నది ఉన్నట్టు చదివాను.

అవతల నుంచి ఆమె గొంతు వచ్చింది, నేను అంతవరకూ వినని గొంతు.

"అమ్మమ్మ బడి."

వాళ్ళ అమ్మమ్మ చెవులు వినపడని పిల్లల హాస్టలు బడిలో వంటమనిషి. వేసవి సెలవులకి అక్కచెల్లెళ్ళిద్దర్నీ అక్కడికే పంపేవారు. అక్కడ ఎవరినైనా పిలవాలంటే భుజం తట్టాలి, దూరంగా ఉంటే లైటు రెండుసార్లు వేసి ఆర్పాలి. నోటితో పిలిచేవాళ్ళుండరు. ఇంటి దగ్గర చీమ చిటుక్కుమన్నా లేచే చెల్లెలు అక్కడ ఆ పిల్లల మధ్య పడుకుంటే ఎత్తుకెళ్ళినా తెలిసేది కాదట. అమ్మమ్మ పోయి పద్దెనిమిదేళ్ళయింది, ఆ తర్వాత వీళ్ళెవరూ అటు వెళ్ళలేదు, అందుకే అక్కకి తట్టనే లేదు. గంటన్నర ప్రయాణం. ఏడూ యాభైకి అటు బస్సు కూడా ఉంది.

ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గాలి తీసినట్టయింది మనిషికి. ఒక్క మాట కూడా అనకూడదనుకున్నాను, ఎలాగో నోరు కట్టుకున్నాను. ఆయనే అన్నాడు, జీపుందని. భర్తకి చెబుదామంటే, కళ్ళారా చూసేదాకా వద్దు, ఈ ఆశ కూడా తప్పయితే ఆ మనిషి తట్టుకోలేడు అన్నాడు. మా ఇద్దరికీ మాట కలిసిన మొదటి రోజు అది.

కౌన్సెలర్ని రమ్మన్నాను. రానంది. ఆమె తన ముఖం ఎప్పుడూ చూడలేదు, ఈ స్థితిలో కొత్త ముఖం ఆమెకి బరువు అంది. ఒక కాగితం మీద ఏదో రాసి, మడిచి, నోటితో చెప్పకుండా ఇది చేతికివ్వమంది.

మూడూ ఇరవైకి బడి చేరాం. వాచ్‌మన్ని అడిగితే వరండా చివరికి చూపించాడు. అక్కడ మెట్ల మీద నలుగురైదుగురు ఆడపిల్లలు, మధ్యలో ఒకామె, మాకు వీపు పెట్టి కూర్చుంది. పదేళ్ళ పిల్ల ఒకతి ఆమె వేళ్ళు పట్టుకుని సరిచేస్తోంది, ఏదో మాట తప్పుగా చూపించినట్టుంది, మిగతావాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఇన్‌స్పెక్టరు పిలవడానికి నోరు తెరిచాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. దగ్గరికెళ్ళి భుజం మీద మెల్లగా తట్టాను.

ఆమె తిరిగింది. నా దగ్గరున్న ఫొటోలో కళ్ళ కింద అంత నలుపు ఉంది. ఈ ముఖంలో ఆ నలుపు సగం కూడా లేదు. ఆ మెట్టు మీదే పక్కన కూర్చున్నాను. బతికుంది. ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నానో ఈ పని, ఆ మాట చెప్పుకునే అవకాశం ఎన్నిసార్లొచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కాగితం ఇచ్చాను. ఆమె చదువుకుంది. నేను పక్కనుంచి చూశాను, మూడే ముక్కలున్నాయి. తప్పు నాది. మీరు చేసిందాంట్లో తప్పేం లేదు. మీ ఇంట్లో మాత్రం తెలీదు.

"ఆయనకి తెలీదా?" అంది. "తెలుసని రాశారే. ఆ ధైర్యంతోనే కదా నేను..."

నిన్న సాయంత్రం నుంచీ చెరువు గట్టు మీద ఉన్నాడని చెప్పాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టరు అప్పటికే గట్టు మీది కానిస్టేబులుకి ఫోన్ కలిపాడు. మూడు రింగులకి ఎత్తాడు. ఆ రింగులకే ఆమె చేతులు వణకడం చూశాను. స్పీకర్లో కానిస్టేబులు గొంతు ఆయాసంగా ఉంది.

"సార్, ఈతగాళ్ళు భోజనానికెళ్ళారు సార్. ఆయన నీళ్ళలోకి దిగిపోయాడు. పిలుస్తుంటే వినట్లేదు సార్. నాకు ఈత రాదు."

ఆమె ఇన్‌స్పెక్టరు చేతిలోంచి ఫోను లాక్కుంది. వణుకుతున్న చేతులు ఒక్కసారిగా కుదురుకున్నాయి.

"మోకాలి దాకానా, నడుం దాకానా?" అని అడిగింది. గొంతు నెమ్మదిగా, స్పష్టంగా ఉంది, వేల ఫోన్లకి జవాబు చెప్పిన గొంతు. నడుం దాకా అన్నాడు కానిస్టేబులు. "స్పీకరు పూర్తిగా పెంచండి. మీరు దిగొద్దు. ఫోను ఆయన వైపు పట్టుకుని చెయ్యి చాపండి. చాపారా?"

చాపానన్నాడు.

"ఏవండీ, నేను. అమ్మమ్మ బడి దగ్గరున్నాను. బాగానే ఉన్నాను. నీళ్ళలో ఆగండి, ఇంకో అడుగు వెయ్యొద్దు. వినపడితే చెయ్యెత్తండి."

పిల్లలు కూడా నవ్వు ఆపి ఆమె ముఖమే చూస్తున్నారు.

"ఎత్తాడమ్మా" అన్నాడు కానిస్టేబులు. "చెయ్యెత్తాడు. వెనక్కి తిరిగాడు."

గట్టుకి ఎన్ని అడుగులున్నాయో అడిగింది. పన్నెండు అన్నాడు. ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పమంది, ఆయన చెప్పాడు, పన్నెండోది అయ్యాక గానీ ఆమె ఊపిరి వదల్లేదు. ఇన్‌స్పెక్టరు అటు తిరిగి జేబురుమాలు వెతుక్కుంటున్నాడు. ఫోన్లో ఇప్పుడు భర్త ఉన్నాడు, తడి బట్టలతో, వెక్కుతూ. రెండు రోజులు ఏమైపోయావనీ అడగలేదు, ఎందుకు చెప్పలేదనీ అడగలేదు.

"పడుకున్నావా?" అని అడిగాడు.

"పడుకున్నానండీ" అంది ఆమె, అప్పుడు ఏడ్చింది. "రెండు రాత్రులూ పడుకున్నాను."